రాయికి బిగించిన స్టీరింగ్

నాకు ముక్కు మీదే కోపమని మా ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ చెబుతుంది. కావచ్చు. బస్తర్‌లోని బచేలీ ఇనప గనుల్లో పెద్ద బండ్ల రిపేరు షెడ్డులో పనిచేసి రిటైరైనవాణ్ణి. డంపర్ల మోతలో గొంతు పెంచకపోతే పక్కవాడికి వినపడదు. ఆ గొంతే ఇంటికీ వచ్చింది. కాని ఇప్పుడు చెప్పబోయేది ఆ అలవాటు కోపం గురించి కాదు. ఇది బీపీ మాత్రకి దిగే రకం కాదు. జగదల్‌పూర్‌లో ఒక కాంట్రాక్టరు గారి ఆఫీసు ముందు, అద్దాల షెడ్డులో ఆకుపచ్చ మిలిటరీ లారీ ఒకటి నిలబెట్టి ఉంటుంది. దాని తలుపు మీద తెల్ల నక్షత్రం. వచ్చేపోయేవాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. చచ్చిపడి ఉన్న ఆ బండిని లేపి నడిపించింది నేనే. అయినా అటు పోవాలంటే ఒళ్ళు మండుతుంది. ఆటోవాణ్ణి వేరే రోడ్డున పొమ్మంటాను.

కాంట్రాక్టరు గారిది మా గోదావరి వైపే. తండ్రి కలప వ్యాపారానికి బస్తర్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. కొడుకు కాలానికి కలప పోయి ఖనిజం వచ్చింది, ఇప్పుడు టిప్పర్లు తిప్పుతున్నారు. పాత బండ్ల పిచ్చి ఈ మధ్య పట్టుకుంది. రాయ్‌పూర్‌లో ఆయన స్నేహితులు పాత కార్లు బాగు చేయించి ప్రదర్శనలకు తీసుకెళ్ళి కప్పులు తెచ్చుకుంటుంటే ఈయనకీ ఒక కప్పు మీద మనసైంది. బీజాపూర్ దారిలో వాళ్ళ నాన్నగారి పాత కలప డిపో ఉంది. అందులో రేకుల షెడ్డు కింద యుద్ధకాలం నాటి లారీ పడి ఉందని గుర్తొచ్చి నాకు కబురు పెట్టారు.

వెళ్ళి చూశాను. రేకుల కంతల్లోంచి ఎండ పడుతోంది. వెనక చక్రం ఉండాల్సిన చోట చెదపుట్ట పెరిగింది. బండి మూతి చూడగానే పోల్చుకున్నాను. పొట్టిగా, చప్పిడిగా ఉంటుంది. ముందు అద్దం మామూలు లారీలకు మల్లే వెనక్కి వాలదు. పై అంచు ముందుకు పొడుచుకొచ్చి, కింది అంచు లోపలికి ఉంటుంది. పైన విమానంలో తిరిగేవాడి కంటికి అద్దం తళుక్కుమనకూడదని అలా పెట్టారట. కెనడాలో తయారై ఓడల్లో వచ్చి, బర్మా వైపు సరుకు మోసిన రకం. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు ఇలాంటివాటిని వేలం వేస్తే జనం డిస్పోజల్ లారీలన్నారు. కలప కాంట్రాక్టర్లు ఎగబడి కొన్నారు. రోడ్డు లేని చోట కూడా పోయే బండి, బస్తర్ అడవికి ఇంకేం కావాలి? ఫోటోల్లో చూడటమే తప్ప అలాంటి బండిని నేను చేత్తో తాకింది లేదు. ఆ రోజు నాకు కోపం లేదు. ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా దాని ముచ్చటే చెప్పానని, పెళ్ళి చూపులప్పుడు కూడా నా మొహం అంత వెలగలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

పని మొదలుపెట్టాను. ఇంజను బిగుసుకుపోయి ఉంది. సిలిండర్లలో కిరసనాయిలూ డీజిలూ కలిపి పోసి, పొద్దున్నే వెళ్ళి హ్యాండిల్ మీద కాస్త బరువేసి చూసేవాణ్ణి. ఒక పొద్దున అది వెంట్రుకవాసి కదిలింది. షెడ్డులో నేనొక్కణ్ణే ఉండి గట్టిగా నవ్వేశాను. దాని బేరింగులు ఇప్పటి బండ్లకు దొరికినట్టు అంగట్లో దొరకవు. తెల్ల లోహం కరిగించి పోసి చేత్తో గీకి సరిచేయాలి. ఆ పని చేసే ముసలాయన ఒకరు విజయవాడ ఆటోనగర్‌లో మిగిలారని తెలిసి అక్కడికి మోసుకెళ్ళాను. కార్బురేటరు రాయ్‌పూర్ అవతల ఒక పిండిమర ఇంజనుకి తగిలించి ఉంది. ఆ మరవాడికి వేరేది పెట్టి, బాగా నడుస్తోందని అతను ఒప్పుకున్నాక తీసుకొచ్చాను. విదేశాల్లో ఇలాంటి బండ్లు బాగుచేసుకునేవాళ్ళ గుంపు ఒకటి ఫోన్లో దొరికింది. వాళ్ళు పాత పుస్తకాల పేజీలు ఫోటోలు తీసి పంపేవారు. ఏ బోల్టు ఎక్కడిదో, ఏ నంబరు ఎక్కడ పోత పోశారో అన్నీ అందులో ఉన్నాయి.

మొదటి గొడవ తలుపుల దగ్గర వచ్చింది. బండి అసలు తలుపులు ఎప్పుడో పోయాయి. వాటి బదులు ఎవరో వడ్రంగి టేకు చెక్కతో తలుపులు చేసి బిగించాడు. వాటి మీద చేప, దువ్వెన, నెమలి చెక్కి ఉన్నాయి. అంచులు చేతులు రుద్ది రుద్ది నున్నగా అయ్యాయి. వీటిని ఉంచేద్దామండీ అన్నాను. యుద్ధంలో నెమళ్ళెక్కడివండీ అని కాంట్రాక్టరు గారు నవ్వారు. సరే, బండి ఆయనది. రేకు తలుపులు చేయించి, చెక్క తలుపుల్ని మా ఇంటికి తీసుకెళ్దామని వెతికితే అవి తారు పని కూలీల వంటపొయ్యి దగ్గర సగం కాలి ఉన్నాయి. డిపో సూపర్‌వైజరు ఇచ్చేశాడట. పాత చెక్కే కదా సార్ అన్నాడు. నేను అరిచిన అరుపుకి పొయ్యి దగ్గరి ఆడవాళ్ళు గరిటె వదిలేసి లేచారు. పాపం వాళ్ళని కాదు, వాళ్ళకేం తెలుసు.

తర్వాత రంగు. పొరలు గీకుతూ పోతే పైన నీలం, కింద ఎరుపు, అట్టడుగున బురద రంగు. ఆకుపచ్చ ఎక్కడా లేదు. నక్షత్రం అసలే లేదు. చూపించాను. ఆయన చెవిన వేసుకోలేదు. సినిమాల్లో మిలిటరీ లారీలకు నక్షత్రం ఉంటుంది కాబట్టి దీనికీ ఉండాలట. ఏ దేశం సైన్యానిదండీ ఆ నక్షత్రం అని అడిగితే, చూసేవాళ్ళు అంత అడుగుతారా మేస్త్రి గారూ అన్నారు. అక్కడే నాకు మనసు విరిగింది. ఆ లారీ యుద్ధంలో తిరిగింది మహా అయితే నాలుగైదేళ్ళు. ఇక్కడి అడవిలో కలప దుంగలు మోసింది ఒక మనిషి ఉద్యోగకాలమంత. ఆ నాలుగైదేళ్ళు ఉంచి మిగతాదంతా గీకి పారెయ్యడాన్ని వీళ్ళు బాగుచెయ్యడం అంటున్నారు. పని మధ్యలో వదిలేసి పోయే అలవాటు లేక ఊరుకున్నాను.

ఇక మిగిలింది స్టీరింగ్. బండి దొరికినప్పుడే దానికి స్టీరింగ్ లేదు. గొట్టం చివర నట్టు మాత్రం చక్కగా బిగించి, దానికి గ్రీజు పూసి, గుడ్డ చుట్టి ఉంది. దొంగలు నట్టు తిరిగి బిగించరు. గ్రీజు పూయరు. అంటే తీసినవాడు బండి తెలిసినవాడు, దాని మీద ప్రేమ ఉన్నవాడు. ఎవరై ఉంటారని పాత డ్రైవర్లని అడుగుతూ తిరిగాను. చివరికి బీజాపూర్ సంతలో ఎండు చేపలు అమ్మే ఒక పెద్దాయన, తాను అదే లారీ మీద క్లీనరుగా ఉండేవాణ్ణని చెప్పాడు. కలప పని ఆగిపోయి, బండిని ఇక తియ్యరని తేలిన రోజున దాని డ్రైవరు స్టీరింగ్ విప్పుకుని సంచిలో పెట్టుకుని ఇంటికి నడిచి పోయాడట. పెద్దకాంట్రాక్టరు, అంటే ఇప్పటాయన నాన్నగారు, చూసి కూడా ఏమీ అనలేదట. ఆ డ్రైవరు అక్కడి దొర్లా తెగవాడు, ఊరు కిష్టారం దాటి లోపలికి. మనిషి పోయి చాలా ఏళ్ళయింది.

వెళ్ళాను. ఇప్పుడు ఆ వైపు రోడ్డు పడింది, రోడ్డు పొడుగునా కేంద్ర బలగాల క్యాంపులు కూడా పడ్డాయి. ఊరి బయట దారి పక్కన నిలువు రాళ్ళు వరసగా ఉన్నాయి. అక్కడ పోయినవాళ్ళకు రాయి నిలబెడతారు, బతికున్నప్పుడు వాడిన వస్తువు దాని దగ్గర పెడతారు. ఒక రాయి దగ్గర గొడుగు ఊచలు, ఒకదాని దగ్గర మంచం కోళ్ళు, ఇంకోచోట సొట్టపోయిన సత్తుగిన్నె ఉన్నాయి. చివరి రాయికి నడుము ఎత్తున ఇనప పట్టీ చుట్టి, పట్టీకి ఇరుసు ముక్క బిగించి, దాని మీద నా స్టీరింగ్ ఉంది. నాది అనుకున్నాను ఆ క్షణంలో. తిప్పితే తిరిగింది కూడా.

డ్రైవరు భార్య బతికే ఉంది. ముసలామె, కళ్ళలో పొరలు వచ్చి అన్నీ మసకే. నన్ను చెయ్యి పట్టి ఊళ్ళోంచి మళ్ళీ రాయి దగ్గరికి తీసుకొచ్చింది ఆమే, దారి ఆమె పాదాలకు తెలుసు. మేం మాట్లాడుకున్నది కొంత దొర్లీ, కొంత తెలుగు. ఆమె తన చేత్తో నా చెయ్యి పట్టి స్టీరింగ్ అంతా తడిమించింది. విరిగిన ఒక కమ్మీకి ఇత్తడి అతుకు. చుట్టూ సైకిల్ ట్యూబు. సరిగ్గా పై భాగంలో ట్యూబు ఆపేసిన చోట కత్తితో చెక్కిన గాటు. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో కిందికి చూడకుండా వేలికి తెలియాలి. ఇప్పటి డ్రైవర్లు అక్కడ టేపు చుట్టుకుంటారు. ఆఖరి రోజుల్లో ఆయన గోడకి తగిలించిన స్టీరింగ్ తీసుకుని వాకిట్లో కూచునేవాడని ఆమె చెప్పింది. పోయాక రాయికి ఏం పెట్టాలా అని ఊళ్ళో ఎవరూ ఆలోచించుకునే పనే లేకపోయిందట.

"ఆయన యాడికన్న పోవాలంటే అదే గదా ఉన్నది," అంది.

వంగి వెనక వైపు చూశాను. మధ్య బొడ్డు కింద, పోతలోనే వచ్చిన అంకెలున్నాయి. ఫోన్లో తెరిచి పుస్తకంతో పోల్చాను. అచ్చంగా ఆ రకం బండికి యుద్ధం రోజుల్లో వేసినవే. పని తెలిసినవాడిగా నాకు ఒళ్ళు పులకరించింది, అబద్ధమెందుకు. కాని దాన్ని అడగాలని నోటిదాకా కూడా రాలేదు. కొలతలు తీసుకున్నాను, కాగితం ఆనించి చుట్టుకొలత గీసుకున్నాను, అన్ని వైపులా ఫోటోలు తీశాను. ఆటోనగర్‌లో అచ్చు చేయించి నకలు పోయించవచ్చు. ఆమె ఇప్పపువ్వు వేయించి పెడితే తిని, సాయంత్రం జీపుకి తిరిగొచ్చాను.

కాంట్రాక్టరు గారికి ఫోటోలు పంపి చూపించి, అది ఏ ఊళ్ళో ఉందో, నకలు ఎలా పోయించాలో చెప్పాను. ఆయన ఫోటోల్లో అంకెల దగ్గర ఆగిపోయారు. ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు ఇలాంటి నంబర్లే చూస్తారని, ఈ ఒక్కటి ఉంటే బండి మొత్తం అసలుదని ఒప్పుకుంటారని అన్నారు. అసలుదే ఉండగా నకలెందుకని అడిగారు. సమాధి మీద ఉందండీ అన్నాను. అలాగా అన్నారు. అక్కడితో ఆ మాట అయిపోయిందనుకున్నాను. అచ్చు పనికి ఆటోనగర్ మనిషితో మాట్లాడుకున్నాను కూడా.

ప్రదర్శన ఇక రెండు రోజులుందనగా రాయ్‌పూర్ నుంచి అట్టపెట్టె ఒకటి డిపోకి వచ్చింది. విప్పితే థర్మోకోల్ ముక్కల మధ్య నల్లగా నిగనిగలాడే స్టీరింగ్. ఒక క్షణం నకలే ఎవరో పోయించారనుకున్నాను. తిప్పి చూశాను. బొడ్డు కింద అవే అంకెలు. సైకిల్ ట్యూబు లేదు. ఇత్తడి అతుకు మీద రంగు. గాటు లేదు, దాన్ని దేనితోనో పూడ్చి, అరగదీసి, నునుపు చేసి మీద మెరుగు కొట్టారు. నాకు కోపం వస్తే అరుస్తాను, అది అందరికీ తెలుసు. ఆ రోజు అరవకుండా సూపర్‌వైజరు దగ్గరికి నడిచాను.

సూపర్‌వైజరు తానే చెప్పాడు, దాచాలని కూడా అనిపించలేదు అతనికి. ఇప్పపువ్వు రోజులు, ఊరంతా తెల్లారకముందే అడవికి పోయి ఉంది, అడుగుదామంటే ఎవరూ కనిపించలేదట. ఊరికే తీసుకురాలేదట, దాని చోట షోరూము నుంచి కొన్న కొత్త టిప్పరు స్టీరింగ్ బిగించి వచ్చారట. పాతది పోయి కొత్తది వచ్చింది కదా సార్, లాభమే కదా అన్నట్టు చూశాడు. అతని మొహంలో నిజంగానే దానం చేసినవాడి తృప్తి ఉంది. దొంగతనం చేసి సిగ్గుపడేవాణ్ణి తిట్టగలను. వీణ్ణి ఏమని తిట్టాలో నాకు తెలియలేదు.

స్టీరింగ్ చంకలో పెట్టుకుని జగదల్‌పూర్ ఆఫీసుకి వెళ్ళాను. కాంట్రాక్టరు గారి వెనక గోడకి వాళ్ళ నాన్నగారి ఫోటో, దానికి గంధం దండ. ఎందుకు చేశారండీ ఈ పని అని అడిగాను.

"కొత్తది పెట్టించాను కదా మేస్త్రి గారూ. చచ్చిపోయినవాడికి ఏదైతే ఏంటి?"

"అయితే ఆ గోడ మీద మీ నాన్నగారి ఫోటో తీసేసి నా ఫోటో పెడతాను. కొత్తది, రంగుల్లో ఉంటుంది. దండ అదే ఉంచుదాం."

ఆయన మొహం ఎర్రబడింది. నన్ను గౌరవించినందుకు ఇదా అన్నారు. స్టీరింగ్ బల్ల మీద పెట్టి వెళ్ళమన్నారు. పెట్టలేదు. పోలీసు కేసు పెడతానన్నారు. పెట్టండి, ఎక్కడి నుంచి పోయిందో కూడా వివరంగా రాయించండి అన్నాను. గుమాస్తాలు లేచి నిలబడ్డారు. ఎవరూ నన్ను ఆపలేదు. మెట్లు దిగుతుంటే ఎల్లుండి ప్రదర్శన ఉందయ్యా అని ఆయన వెనక నుంచి అరుస్తూనే ఉన్నారు. ఆయన అంత పెద్దగా అరవగా వినడం నాకు అదే మొదలు.

ఆ రాత్రికి ఇల్లు చేరి, మర్నాడు పనిముట్లు సర్దుకున్నాను. స్టీరింగ్ గుంజే పుల్లరు, పానాలు, హాక్సా బ్లేడు, ఆకురాయి. కోపంతో పాటు నీళ్ళ సీసా కూడా పెట్టుకోండి, ఎండ మండిపోతోంది అని మా ఆవిడ చేతికిచ్చింది. వద్దనలేదు. ఆమె కూడా ఆ స్టీరింగ్ తడిమి చూసింది. నూనె పెట్టి దువ్విన మీసంలా ఉందండీ అంది. సుక్మాలో ఆ వైపు జీపు ఒక రోజంతా దొరక్క, చుట్టాలింట్లో రెండు రాత్రులు పడుకుని, తెల్లారి జీపు పట్టుకున్నాను.

దారిలో క్యాంపు దగ్గర జీపు ఆపి సంచులు విప్పించారు. జవాను గోనెసంచిలోంచి స్టీరింగ్ తీసి, బండి ఎక్కడ అని అడిగాడు. బండి రాయ్‌పూర్‌లో ఉంది, డ్రైవరు ఇక్కడ ఊరి బయట సమాధిలో ఉన్నాడు, ఇది డ్రైవరుది కాబట్టి ఇక్కడికి తెచ్చాను అని హిందీలో ఉన్నదున్నట్టు చెప్పాను. అతను వాళ్ళ పైఅధికారిని పిలిచాడు. మళ్ళీ అదే చెప్పాను. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నా తెల్లజుట్టు చూసి, నీళ్ళు తాగి పొమ్మన్నారు. పిచ్చివాడనుకుని ఉంటారు. వాళ్ళ వెనక ఇసక బస్తాల పక్కన ఈ కాలపు మిలిటరీ లారీలు వరసగా ఉన్నాయి. వీటిని కూడా ఎప్పుడో ఎవరో వేలంలో కొని, నడిపినవాడి గుర్తులు గీకేసి, అద్దాల షెడ్డులో పెడతారు. వాటి మీద ఏ బొమ్మ వేస్తారో తెలియదు.

క్యాంపు టవరు కింద ఫోనుకి సిగ్నల్ వచ్చింది. డిపోలో పనిచేసే వెల్డరు ఒక ఫోటో పంపాడు. రాయ్‌పూర్ మైదానంలో ఆకుపచ్చ లారీ. దాని ముందు కాంట్రాక్టరు గారు, చేతిలో పెద్ద కప్పు. ఫోటో పెద్దది చేసి చూశాను. లోపల ఉన్నది టిప్పరు స్టీరింగ్. ఏదో బుష్ కొట్టి ఇరికించి ఉంటారు. మధ్యలో ఆ టిప్పరు కంపెనీ గుర్తు కూడా తీయలేదు. ఎవరూ చూడలేదు. ఎవరూ అడగలేదు. అన్నీ అసలువే ఉన్న బండి అని కప్పు ఇచ్చారట, వెల్డరు చెప్పాడు.

జీపు పక్కన నిలబడి ఎంతసేపు చూశానో. అరికాలి మంట నెత్తికెక్కింది. ఏ స్టీరింగైనా సరిపోయేదే అయితే, ఎవరూ చూడనిదే అయితే, దాన్ని ఆ రాయి మీద నుంచి ఎందుకు పీకినట్టు? కనీసం దానివల్లే గెలిచి ఉంటే దొంగతనానికి ఒక కారణమైనా ఉండేది. జీపు డ్రైవరు హారను కొడితే ఎక్కాను.

రాళ్ళ దగ్గర దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. చివరి రాయికి కొత్త స్టీరింగ్ ఉంది. షోరూము ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు, గాలికి చప్పుడు చేస్తోంది. ముసలామెను పిలుచుకొచ్చాను. చాన్నాళ్ళ తర్వాత రాయి దగ్గర బువ్వ పెట్టడానికి వచ్చి చెయ్యి వేస్తే అది జారిపోయిందట. ఊళ్ళో అందరూ వచ్చి చూశారు. ఎవరూ ముట్టుకోలేదు.

"ఎవరు పెట్టిన్రో తెల్వదు. క్యాంపోళ్ళో, సర్కారోళ్ళో. తీస్తే ఏమడుగుతరో అని ఊకున్నం. గని ఆ బండి ఆయనకు తెల్వదు తమ్మీ," అంది.

పెట్టినవాళ్ళెవరో చెప్పాను. లారీ సంగతీ చెప్పాను. అక్కా, ఆయనది తెచ్చాను అని గోనెసంచి విప్పి స్టీరింగ్ చేతికిచ్చాను. ఒళ్ళో పెట్టుకుంది. రెండు చేతులతో చుట్టూ తడిమింది. ఒక చుట్టు అయ్యాక మళ్ళీ మొదటి నుంచి తడిమింది. వేళ్ళు పైకి వచ్చి, అక్కడ ఆగి, వెతికి, జారిపోయాయి. నా వైపు మొహం తిప్పింది.

"ఇది గూడ కొత్తదేనా?"

కాదక్కా అన్నాను. హాక్సా బ్లేడు తీసి, ఆమె ఒళ్ళో ఉన్నదాన్ని అలాగే పట్టుకుని పై భాగంలో గీకడం మొదలుపెట్టాను. మెరుగు పొర తొక్కలా లేచింది. దాని కింద పూడ్చిన ముద్ద పొడిపొడిగా రాలింది. బ్లేడు మొన గాటులోకి దిగింది. ఊది దుమ్ము పోగొట్టి ఆమె బొటనవేలు అక్కడ పెట్టాను. వేలు సరిగ్గా పట్టింది. ఆమె చాలాసేపు వేలు తియ్యలేదు. నాకు ఏడుపు వచ్చింది, కోపానికే వచ్చింది, దాచుకోలేదు, ఆమెకు కనపడదు కూడా.

పుల్లరు పెట్టి కొత్తదాన్ని పీకాను. పాతదాన్ని ఇరుసు ముక్క మీద కూచోబెట్టి నట్టు బిగించి, గాటు పైకి వచ్చేలా తిన్నగా నిలిపాను. కొత్తదాన్ని సంచిలో వేసుకుంటుంటే ఆమె చప్పుడు విని, వాళ్ళు మళ్ళీ వస్తారా అని అడిగింది. రారని చెప్పాలనిపించింది. ఈ కాంట్రాక్టరు రాకపోతే ఇంకొకడు వస్తాడు, బస్తర్‌లో పాత వస్తువుల కోసం తిరిగేవాళ్ళు తక్కువేం లేరు. ఫోన్లో ఆ ఫోటోలు ఎవరెవరి దగ్గరికి చేరాయో నాకు తెలియదు. ఏమోనక్కా అన్నాను. ఎందుకు కావాలి వాళ్ళకి అని అడిగింది. వెనక అంకెలున్నాయని, వాటి వల్లే దీనికి విలువని చెప్పాను. ఆమె వేళ్ళు బొడ్డు కిందికి పోయి ఆ అంకెల్ని వెతికి పట్టుకున్నాయి. ఇన్నేళ్ళుగా తడిమిన వస్తువు మీద వాటిని ఆమె ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు.

"ఇవ్వి తీసెయ్. ఎవ్వలకూ పనికిరాకుండ చెయ్ తమ్మీ."

బతుకంతా పాడైనదాన్ని పనికొచ్చేలా చేసి అన్నం తిన్నవాణ్ణి. ఆ అంకెల్ని చూసి ఒళ్ళు పులకరించినవాణ్ణి కూడా నేనే. ఇలాంటివి ఇక ఎన్ని మిగిలాయో ఎవరికీ తెలియదు. ఆకురాయి తీశాను. రాయి పక్కన మోకాళ్ళ మీద కూచుని, తల వంచి, కిందనుంచి ఒక్కొక్క అంకే అరగదీశాను. ఇనప రజను నా చొక్కా మీద పడింది. ఆమె పక్కనే కూచుని, మధ్యమధ్య చెయ్యి చాచి తడిమి చూస్తూ, ఇంకా ఉన్నది, ఇంకా గీకు అంటూనే ఉంది.